ముందు లెవెల్, తర్వాత గోడ, ఆ తర్వాతే పాలిష్: పాత ఇంటికి మార్పులు చేసేటప్పుడు దేన్ని ఎలా ఎంచుకోవాలి

హైదరాబాద్ వనస్థలిపురంలో మా నాన్న 1988లో కట్టించిన ఇంటికి పోయినేడాది పెద్ద రిపేరు పెట్టుకున్నాం. ఆ రోజుల్లో కట్టిన చాలా ఇళ్లలో లాగే మా హాలు పల్లంగా ఉండేది. వీధి తలుపు తీసి లోపలికొస్తే హాలు, అక్కడి నుంచి రెండు మెట్లెక్కితే డైనింగ్, రెంటికీ మధ్య మూడడుగుల పిట్టగోడ, గోడ పైన టేకు చెక్క. చిన్నప్పుడు ఆ మెట్ల మీద కూర్చునే హోంవర్క్ చేసుకునేవాళ్లం.

పని మొదలుపెట్టే ముందు ఇంట్లో జరిగిన మాటల్లో ముప్పావు వంతు చెక్కకు ఏ రంగు పాలిష్ వేయించాలన్న దాని మీదే నడిచాయి. నేల లెవెల్ గురించి మాట్లాడింది పది నిమిషాలు. మేస్త్రీని అడిగితే "లెవెల్‌దేముంది సార్, నేను చూసుకుంటా కదా" అన్నాడు. ఇది తలకిందుల వరస. పాలిష్ నచ్చకపోతే గీకించి మళ్లీ వేయించుకోవచ్చు. పిట్టగోడ నచ్చకపోతే రెండు రోజులు దుమ్ము భరించి తీసేయొచ్చు. నేల లెవెల్ మాత్రం ఒకసారి ఖాయమైతే తలుపులు, కిటికీలు, ప్లగ్గులు, బాత్‌రూమ్ వాలు అన్నీ దాన్ని పట్టుకునే ఉంటాయి. మళ్లీ మార్చాలంటే ఇల్లు ఖాళీ చేయాల్సిందే. అందుకే ఇక్కడ కూడా ఎక్కువసేపు లెవెల్ దగ్గరే ఆగుతాను.

పల్లపు హాలు: ఉంచాలా, పూడ్చాలా?

పల్లపు హాలుకు అందం ఉంది, అది కాదనను. పైకప్పు ఎత్తుగా కనిపిస్తుంది, హాలుకూ డైనింగ్‌కూ గోడ లేకుండానే హద్దు ఏర్పడుతుంది. మా నాన్న దీన్ని వాస్తు చూసుకుని కూడా కట్టించారు. మా హాలు ఈశాన్యంలో ఉంది, ఈశాన్యం పల్లంగా, నైరుతి ఎత్తుగా ఉండాలన్నది ఆయన నమ్మకం.

ఇబ్బంది ఏమిటంటే, ఇంట్లోవాళ్లకు ఆ మెట్టు కాళ్లకే తెలుసు, వచ్చినవాళ్లకు తెలియదు. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం రోజు పెద్దమ్మ ప్రసాదం పళ్లెం పట్టుకుని డైనింగ్ నుంచి హాల్లోకి వస్తూ మెట్టు చూసుకోలేదు. మణికట్టు విరిగింది. పైనా కిందా ఒకే రంగు టైల్స్ ఉండటంతో పళ్లెం మీద నుంచి చూసే మనిషికి అంచు కనిపించలేదు. పది మెట్లున్న చోట మనిషి జాగ్రత్తగా దిగుతాడు. ఒకటి రెండు మెట్లే ఉన్నచోట నేల సమంగా ఉందనుకుని అడుగు వేస్తాడు.

కాబట్టి మొదటి ప్రశ్న ఇది: రాబోయే పదిహేనేళ్లు ఈ ఇంట్లో ఎవరు నడుస్తారు? అరవై దాటిన అమ్మానాన్నలుంటే, మోకాళ్ల నొప్పులుంటే, పాకే పిల్లలుంటే, బడ్జెట్ సర్దుబాటైనంత వరకు పూడ్చేయమనే చెప్తాను. ఇద్దరే ఉండి, ఇద్దరూ గట్టిగా ఉండి, ఆ హాలంటే ఇష్టమైతే ఉంచుకోండి. ఉంచుకుంటే మాత్రం మూడు పనులు తప్పనిసరి. మెట్టు అంచుకు వేరే రంగు గ్రానైట్ పట్టీ వేయించాలి. పట్టుకోవడానికి రైలింగ్ ఉండాలి. మెట్టు పక్కన గోడలో చిన్న ఫుట్‌లైట్ పెట్టించి, దాన్ని ఇన్వర్టర్ లైన్‌కు కలపాలి. కరెంటు పోయినప్పుడే కదా దాని అవసరం!

పూడ్చాలనుకుంటే, ఇల్లు గ్రౌండ్ ఫ్లోరా, పై అంతస్తా అన్నదాన్ని బట్టి దారి పూర్తిగా మారిపోతుంది.

గ్రౌండ్ ఫ్లోర్‌లో హాలు కింద నేలే ఉంటే బరువు గురించి టెన్షన్ అక్కర్లేదు. మొరం పోసి, నీళ్లు చల్లి, పొరలు పొరలుగా దిమ్మిస కొట్టించి, పైన మూడంగుళాల కాంక్రీట్ వేసి టైల్స్ పరిస్తే సరిపోతుంది. అంతా ఒకేసారి పోసి పైపైన కొట్టి వదిలేస్తే ఏడాది తిరక్కుండా నేల కుంగి టైల్స్ డొల్లబారతాయి. చెదల మందు కొట్టించాల్సింది కూడా మొరం పోసిన తర్వాత, కాంక్రీట్ వేయకముందే. ఆ ఒక్క రోజు దాటితే మళ్లీ నేలకు రంధ్రాలు పెట్టి ఎక్కించాల్సిందే.

పై అంతస్తులో, అపార్ట్‌మెంట్‌లో లెక్క వేరు. ఇళ్ల స్లాబులను మనుషులు, సామాను కలిపి చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు మోసేలా లెక్కగడతారు. దాని మీద ఇటుక ముక్కలు, సిమెంటు కలిపి ఆరంగుళాలు నింపితే ఆ నింపుడు ఒక్కటే చదరపు మీటరుకు 250 కిలోలు దాటుతుంది. అంటే మనుషులు, సోఫాలు రాకముందే స్లాబు మీద అసలు లెక్కకు మించిన బరువు పడ్డట్టే. పై అంతస్తుల్లో లెవెల్ పెంచాలంటే ఇనుప ఫ్రేమ్ మీద సిమెంటు బోర్డు కొట్టించడం గానీ, తేలిక బ్లాకులు వాడటం గానీ చేయాలి, అది కూడా స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి సరేనన్నాకే. ఇంజనీరుకిచ్చే ఫీజు టైల్స్ ఖర్చులో చిన్న ముక్క. ఆ డబ్బు దగ్గర వెనకాడకండి.

ఇక పూడ్చాక ఏమేం మారతాయో ముందే కాగితం మీద రాసుకోండి. మా హాలు 11 అంగుళాలు లేచింది. ఏడడుగుల వీధి తలుపు ఆరడుగుల ఒక అంగుళం అయింది, కాబట్టి ద్వారబంధంతో సహా పైకి జరపాల్సి వచ్చింది, బయట ఇంకో రెండు మెట్లు కట్టాల్సి వచ్చింది. గడపను కదిలించడానికి అమ్మ మంచి రోజు చూడమంది, దానికి నాలుగు రోజులు పని ఆగింది. మూడడుగుల ఎత్తులో ఉన్న కిటికీ దిమ్మ రెండడుగులకు వచ్చింది, పిల్లలు ఎక్కేస్తారు కాబట్టి గ్రిల్ మార్చాం. నేల నుంచి అడుగు ఎత్తులో ఉన్న టీవీ ప్లగ్గు దాదాపు నేలకానింది. ఇవేవీ టైల్స్ మేస్త్రీ ఇచ్చిన ఎస్టిమేట్‌లో లేవు. ఆయన తప్పు కాదు, మేం అడిగింది నేల ధర మాత్రమే.

వాస్తు సంగతి కూడా ముందే అడగండి. హాలు మిగతా ఇంటితో సమానమైతే ఇబ్బంది లేదు, దాన్ని మించి ఎత్తు కావద్దని మాకు చెప్పారు. మీకు నమ్మకముంటే మొరం రాకముందే ఆ మాట తేల్చుకోండి, గ్రానైట్ వేశాక అడిగితే ఇంట్లో గొడవ తప్ప మిగిలేదేం ఉండదు.

డైనింగ్‌నే తవ్వి కిందికి దించితే పోదా అని కొందరడుగుతారు. దించితే మెట్టు పోదు. వంటింటి గుమ్మం దగ్గరకో, పడకగది గుమ్మం దగ్గరకో వెళ్లి కూర్చుంటుంది. ర్యాంప్ ఆలోచన మంచిదే కానీ చోటు కావాలి. చక్రాల కుర్చీ సుఖంగా వెళ్లాలంటే ఒక అంగుళం ఎత్తుకు ఒక అడుగు పొడవు లెక్క. మాకు 11 అంగుళాలకు 11 అడుగులు, అంటే హాల్లో ఒక పక్కంతా పోతుంది. ఆరంగుళాల ఒక్క మెట్టున్న ఇంట్లో ఆరడుగుల ర్యాంప్ అయితే చక్కగా కుదురుతుంది.

టైల్ మీద టైలా, పాతవి పగలగొట్టాలా?

ఇది కూడా లెవెల్ ప్రశ్నే, కాకపోతే చాలామంది దీన్ని దుమ్ము ప్రశ్న అనుకుంటారు. పాత నేల మీదే గమ్‌తో కొత్త టైల్స్ అంటిస్తే చప్పుడుండదు, మలబా (పగలగొట్టిన ముక్కల చెత్త) ఉండదు, వారంలో అయిపోతుంది. నేల మాత్రం అరంగుళం పైనే లేస్తుంది. అన్ని గదులూ ఒకేసారి లేపితే తలుపుల అడుగు కోస్తే చాలు. కోసిన అంచుకు వెంటనే ప్రైమరో పాలిషో పట్టించాలి, లేకపోతే తడిగుడ్డ పెట్టిన ప్రతిసారీ చెక్క నీళ్లు తాగుతుంది.

బాత్‌రూమ్ దగ్గర జాగ్రత్త. బాత్‌రూమ్ నేల గది కంటే కనీసం ఒక అంగుళం కిందుండాలి. గదిని వదిలేసి బాత్‌రూమ్‌లో మాత్రం టైల్ మీద టైల్ వేయిస్తే ఆ తేడా సగానికి సగం పోతుంది, బకెట్ ఒలికితే నీళ్లు మంచం కిందికి వస్తాయి. బాల్కనీకీ అదే మాట. జూలైలో గాలివాన కొట్టినప్పుడు బాల్కనీ నీళ్లు హాల్లోకి రాకుండా ఆపేది ఆ అంగుళం తేడానే.

పాత టైల్స్‌ను రూపాయి బిళ్లతో ఒక్కొక్కటీ తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చేవి ఒకటీ అరా అయితే అవి మాత్రం తీసి నింపించుకోవచ్చు. గదికి పాతిక అలా మోగితే మొత్తం పగలగొట్టడమే నయం. మలబాను రాత్రిపూట చెరువు గట్టున పోసి వచ్చే బండ్లకు ఇవ్వకండి. కట్టడాల వ్యర్థాల కోసమే జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ప్లాంట్లు ఉన్నాయి.

ఇంకో మాట. టైల్స్ పగలగొడితే కింద తాండూరు బండలో, పాత మొజాయికో బయటపడొచ్చు. మా వెనక గదిలో తాండూరు నీలం బండలు బయటపడ్డాయి. మిషన్ పాలిష్ పెట్టిస్తే ఎండాకాలంలో చల్లగా, కాలు జారకుండా, కొత్త టైల్స్ కంటే నాకు ఎక్కువ నచ్చాయి. వాటిని కప్పేసే ముందు ఒక్కసారి కడిగి చూడండి.

పిట్టగోడ

ముందు భయాల సంగతి. నడుమెత్తు పిట్టగోడ పైన ఖాళీయే కదా, అది స్లాబును మోయదు. కాబట్టి దాన్ని తీసేయడం సాధారణంగా ప్రమాదం కాదు. ప్రమాదం దాని చివర నిలబడ్డ స్తంభంలో ఉంటుంది. పాత ఇళ్లలో ఆ స్తంభం పైనున్న బీమును మోస్తూ ఉండొచ్చు. "అలంకారానికి పెట్టిందే సార్" అన్న మాట విని దాని మీద సుత్తి పడనివ్వకండి.

అసలు జాగ్రత్త పడాల్సింది నిండు గోడను సగానికి కోసి పిట్టగోడ చేసేటప్పుడు. పాత ఇండిపెండెంట్ ఇళ్లలో తొమ్మిదంగుళాల గోడలే స్లాబును మోస్తాయి. పిల్లర్లు, బీములు ఉన్న అపార్ట్‌మెంట్లలో నాలుగున్నర అంగుళాల గోడలు చాలావరకు అడ్డుగోడలే. గోడ మందం చూసి ఒక అంచనాకు రావచ్చు కానీ, కొట్టాలన్న నిర్ణయానికి అది చాలదు. మోసే గోడ అయితే ముందు కింద సపోర్టులు పెట్టి, పైన బీము వేసి, అది గట్టిపడ్డాకే కింద కోయాలి.

ఇక ఉంచాలా తీయాలా అన్నది. లెవెల్ తేడా అలాగే ఉంచుకుంటున్నారా? అయితే పిట్టగోడను తీయకండి. అది అందానికి కాదు, ఎత్తు అంచు నుంచి మనిషి పడకుండా ఉన్న అడ్డు. హాలును పూడ్చేశాక మాత్రం దాని అవసరం మారుతుంది. మేం మా గోడను తీయించేశాం, చోటు కలిసొచ్చింది. అమ్మకు మాత్రం లేచి నడిచేటప్పుడు చెయ్యి ఆనించుకునే ఆధారం పోయింది. ఆ సంగతి మాకు వారం తర్వాత తెలిసింది. ఇప్పుడు అదే చోట మూడడుగుల చెక్క అల్మారా పెట్టాం, పైన గ్రానైట్ పలక. మొదటే ఆలోచించి ఉంటే గోడలో రెండడుగులు వదిలేసేవాళ్లం.

వంటింటికీ హాలుకూ మధ్య గోడ విషయంలో నా అభిప్రాయం గట్టిది. ఫొటోల్లో ఓపెన్ కిచెన్ బాగుంటుంది. మన వంటలో రోజూ పోపు ఉంటుంది, ఎండుమిర్చి ఘాటు ఉంటుంది, ఆదివారం చేపల పులుసు ఉంటుంది. చిమ్నీ ఎంత లాగినా కొంత నూనె ఆవిరి సోఫా గుడ్డకూ ఫ్యాన్ రెక్కలకూ చేరుతుంది. హాల్లో ఏసీ ఉంటే చల్లదనం వంటింట్లోకి పోతుంది, స్టవ్ వేడి హాల్లోకి వస్తుంది. పూర్తిగా మూస్తే వంట చేసేవాళ్లు ఒంటరిగా మిగిలిపోతారు, అది కూడా నిజమే. ఈ రెంటికీ మధ్య నేను చెప్పేది మూడున్నర అడుగుల పిట్టగోడ, పైన జరిపే అద్దం తలుపులు. వంటగట్టు ఎత్తు 32 నుంచి 34 అంగుళాలు ఉంటుంది కాబట్టి మూడున్నర అడుగుల గోడ ఉంటే గట్టు మీది గిన్నెలు హాల్లోంచి కనిపించవు, మనిషి మొహం కనిపిస్తుంది. పోపు వేసేటప్పుడు అద్దం మూసుకోవచ్చు. సోఫా వెనక హద్దు కోసమైతే మూడడుగులు చాలు.

కొత్తగా కట్టిస్తే ఇటుకతోనా, చెక్కతోనా, గాజుతోనా అని అడుగుతారు. మనిషి ఆనుకునే చోట ఇటుకే. ఒక చివర గోడకు కలిసి, రెండో చివర ఖాళీగా ఉండే నాలుగంగుళాల గోడ కొన్నాళ్లకు ఊగుతుంది. ఆ చివర చిన్న స్తంభం గానీ, పైన కాంక్రీట్ పట్టీ గానీ వేయించండి. పైన పెట్టే గ్రానైట్ అంచులు గుండ్రంగా తిప్పించండి, పిల్లల తలలు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి. ప్లగ్గు కావాలంటే పైపు ముందే గోడలో వేయించుకోవాలి.

చెక్క: పాలిష్, రంగు, ల్యామినేట్

మీ ఇల్లు 80ల్లోదో 90ల్లోదో అయితే రంగు పూసిన తలుపుల కింద టేకు ఉండే అవకాశం ఎక్కువ. మూలలో ఒక చోట గీకి చూడండి. మా తలుపులు బల్లార్షా టేకు అని నాన్న చెప్పేవారు. నాలుగు పూతల ఎనామిల్ కింద నిజంగానే తేనె రంగు చెక్క బయటపడింది. అలాంటి చెక్కను పారేసి కొత్త ఫ్లష్ డోర్లు పెట్టించుకోకండి. బోయిగూడ, ముషీరాబాద్ టింబర్ డిపోలకు వెళ్లి నేటి టేకు ధర ఒక్కసారి అడిగి వస్తే నా మాట అర్థమవుతుంది.

గీకేటప్పుడు ఒక హెచ్చరిక. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు) పరిమితం చేసే నిబంధన 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పూసిన పాత ఎనామిల్‌లో సీసం ఎక్కువే ఉండి ఉండొచ్చు. పొడి సాండ్‌పేపర్‌తో రుద్దితే ఆ దుమ్ము గాల్లో తేలుతుంది, చిన్నపిల్లలకు అది చాలా చెడ్డది. రంగు తీసే మందు పూసి మెత్తబడ్డాక గీకించండి, తడిపి రుద్దించండి, ఆ రోజుల్లో పిల్లల్ని ఇంట్లో ఉంచకండి.

లక్కతో చేసే స్పిరిట్ పాలిష్ చెక్క అందాన్ని అన్నిటికంటే బాగా చూపిస్తుంది, చిన్న గీత పడితే అక్కడి వరకే సరిచేసుకోవచ్చు. వేడి కాఫీ గ్లాసు పెడితే మాత్రం తెల్లటి వలయం పడుతుంది, శానిటైజర్ చుక్క పడితే కరిగిపోతుంది. పూజగది తలుపులకు, చేతులు ఎక్కువ తగలని పాత కుర్చీలకు, బీరువాలకు ఇది నాకిష్టం. డైనింగ్ టేబుల్‌కు వద్దు.

మెలమైన్ పాలిష్ గట్టిగా ఉంటుంది, పీయూ (పాలీయురెథేన్) పాలిష్ కంటే చవక, గదుల్లోని తలుపులకు బాగానే సరిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ కొంచెం పసుపెక్కుతుంది. వేసేటప్పుడు ఘాటు కళ్లు మండిస్తుంది కాబట్టి రెండు మూడు రోజులు ఆ గదిలో పడుకోవద్దు. గీత పడితే అతుకు కనిపిస్తుంది, ఆ పలక మొత్తం మళ్లీ చేయించాలి.

పీయూ ఖరీదు ఎక్కువ. ఈ మూడు పాలిష్‌లలో నీళ్లకు, వేడికి, గీతలకు బాగా ఆగేది ఇదే. డైనింగ్ టేబుల్, మెట్ల రైలింగ్, వీధి తలుపు: ఈ మూడింటికి పీయూ పెట్టి, మిగతా వాటికి మెలమైన్ వేయించాం. వీధి తలుపుకు బయట వాడే రకం పీయూ అడిగి మరీ వేయించండి. పడమటి ఎండ నేరుగా పడే తలుపుకు లోపలి రకం వేస్తే రెండు ఎండాకాలాల్లో పొరలు లేస్తుంది. మెరుపు కంటే మ్యాట్ మంచిదని నా సలహా. మెరిసే పలక మీద హైదరాబాద్ దుమ్ము, వేలి ముద్రలు రెండూ కనిపిస్తాయి.

కొత్త అల్మారాలకు ప్లైవుడ్ మీద సన్‌మైకా లాంటి ల్యామినేటా, వెనీరా? రోజూ తడిచేతులు తగిలే వంటింట్లో ల్యామినేట్ తప్ప వేరే ఆలోచన వద్దు, లోపల ప్లై నీళ్లకు తట్టుకునే ఐఎస్ 710 మార్కుది ఉండాలి. హాల్లో ఒక గోడకు వెనీర్ పెట్టించుకోవచ్చు, అది అసలు చెక్క పొరే కాబట్టి పాత టేకు తలుపుల పక్కన కలిసిపోతుంది. టేకు తలుపు పక్కన టేకు బొమ్మ ల్యామినేట్ పెడితే రెండూ వెలవెలబోతాయి. అలాంటి చోట ల్యామినేట్‌కు తెలుపో బూడిద రంగో ఎంచుకోండి.

నేలకు చెక్క కావాలనుకుంటే, మీ ఇంట్లో రోజూ తడిగుడ్డ పెడతారా అని మాత్రం చూసుకోండి. పెడితే ల్యామినేట్ చెక్క నేల అంచులు ఉబ్బుతాయి. చెక్క పోలికున్న టైల్స్ లేదా నీళ్లకు తట్టుకునే ఎస్‌పీసీ (రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పలకలు మేలు. వీటి మందం టైల్స్‌తో సమానం కాదు కాబట్టి ఏ గదికి ఏది అన్నది లెవెల్ గీత కొట్టకముందే మేస్త్రీకి చెప్పాలి, లేదంటే గుమ్మం దగ్గర కాలి వేళ్లకు తగిలే అంచు ఒకటి పుడుతుంది.

పాలిష్ పనికి నెల కూడా ఎంచుకోవాలి. ముసురు పట్టిన రోజుల్లో వేస్తే గాలిలో తేమకు పూత తెల్లబారుతుంది, పీయూలో బుడగలు వస్తాయి. వానాకాలంలో బిగుసుకుపోయిన తలుపును ఆగస్టులో చిత్రిక పట్టిస్తే మే నెలలో సందు తేలుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు గాలి పొడిగా ఉంటుంది, ఎండ మితంగా ఉంటుంది. మేం మొరం పని సెప్టెంబర్‌లో, గోడలు అక్టోబర్‌లో ముగించి, డిసెంబర్‌లో తలుపులు ఊడదీసి మేడ మీద షెడ్డులో పాలిష్ పెట్టించాం. ఊడదీసేటప్పుడు ఏ తలుపు ఏ గదిదో పై అంచు మీద మేకుతో నంబరు గీయించండి. పెన్సిల్‌తో రాస్తే పాలిష్ వాళ్లు రుద్దేటప్పుడే పోతుంది.